ఓపీ నంబరు చెప్పమ్మా

“విడాకుల సర్టిఫికెట్ ఎక్కడిస్తారండీ?” అని అడిగేవాళ్లకి నేను ముందుగా చెప్పేది అలాంటి కాగితం లేదని. పుట్టుకకి ఉంది, చావుకి ఉంది, పెళ్లికి ఉంది. విడాకులకి మాత్రం కార్పొరేషన్లో అడిగినా, సచివాలయంలో అడిగినా, రిజిస్ట్రారాఫీసులో అడిగినా ఏమీ రాదు. కోర్టు ఇచ్చిన డిక్రీయే సర్టిఫికెట్. అదీ ఇచ్చిన కోర్టులోనే దొరుకుతుంది. రాష్ట్రం మొత్తానికీ పేర్లవారీగా రాసిపెట్టిన పుస్తకం ఎక్కడా లేదు.

నేను బెజవాడలో ప్లీడరు గుమాస్తాని. కాపీ అప్లికేషన్లు వేయడం, స్టాంపులు కట్టడం, సీసీలు (సర్టిఫైడ్ కాపీలు) తెచ్చి పార్టీల చేతిలో పెట్టడం నా బతుకుతెరువు. పాత డిక్రీ కోసం కాళ్లరిగేలా తిరిగేవాళ్లని చూస్తుంటాను. ఒక్క ఓపీ నంబరు, అంటే వాళ్ల పిటిషన్‌కి కోర్టు ఇచ్చిన నంబరు, రాసిపెట్టుకుని ఉంటే వాళ్లలో చాలామందికి ఆ తిప్పలు ఉండేవి కావు.

ఈమధ్య మొవ్వ దగ్గర్నుంచి ఒకావిడ వచ్చింది. రెండో పెళ్లయింది, భర్త అమెరికాలో ఉన్నాడు. వీసాకి మొదటి పెళ్లి రద్దయిన డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలి. ఆవిడ దగ్గరున్నది మొదటి పేజీ జిరాక్సు. అందులోనూ మడత పడిన చోట నంబరు చెరిగిపోయింది.

“ఓపీ నంబరు చెప్పమ్మా.”

“గుర్తు లేదు బాబాయ్ గారూ. మా లాయరు గారు పోయారు. ఇంట్లోవాళ్లని అడిగితే కాగితాలేవీ లేవన్నారు.”

“కేసెక్కడ వేశారు?”

“ఆయన ఏలూరులో వేశాడు. నేను తిరగలేక బెజవాడకి మార్పించుకున్నాను.”

“తీర్పెప్పుడొచ్చింది?”

“పుష్కరాలు వెళ్లిన మరుసటేడు. ఎండలు ముదిరాయి గానీ కోర్టుకింకా సెలవులివ్వలేదు.”

దాంతో సగం పని అయిపోయినట్టే. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో వచ్చాయి. కోర్టులకి వేసవి సెలవులు మే నెలలో. అంటే 2017 మార్చి, ఏప్రిల్ చూస్తే చాలు. ప్రతి కోర్టులోనూ ‘ఎ డైరీ’ అని ఒకటి రాస్తారు. ఏ రోజు ఏ కేసు పిలిచారో, ఏమైందో అందులో ఉంటుంది. ఏలూరు నుంచి బదిలీ అయిన కేసుకి ఇక్కడ కొత్త నంబరు పడుతుంది కాబట్టి పాత నంబరు పట్టుకుని ఇక్కడ వెతికితే దొరకదు. సిబ్బంది ఏప్రిల్ పేజీల్లో ఆవిడ పేరు పట్టుకున్నారు.

ఏ కోర్టో కూడా తెలియనివాళ్లకి హిందూ వివాహ చట్టం 19వ సెక్షనే దారి చూపిస్తుంది. పెళ్లి జరిగిన ఊరు, ఎదుటి పార్టీ ఉన్న ఊరు, ఇద్దరూ చివరిసారి కాపురం చేసిన ఊరు, భార్య కేసు వేస్తే ఆమె ఉంటున్న ఊరు. ఈ చివరిది 2003లో కలిపారు. వీటిలో ఏ ఊరు ఏ కోర్టు కిందికొస్తుందో చూసుకోవాలి. విజయవాడలో అయితే ఫ్యామిలీ కోర్టు, నంబరు ముందు ఎఫ్‌సీఓపీ అని ఉంటుంది. ఫ్యామిలీ కోర్టు లేనిచోట, గుడివాడ, నూజివీడు లాంటి ఊళ్లలో, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్‌ఎంఓపీ అని ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టారు కదా, మాది ఇప్పుడు వేరే జిల్లా కదా అని కంగారు పడకండి. మీరు చూడాల్సింది తీర్పిచ్చిన కోర్టు పేరు.

ఇప్పుడు ఫోన్లోనే ఈ-కోర్ట్స్ యాప్ ఉంది. కేసుకి 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. మొదటి రెండక్షరాలు రాష్ట్రం, చివరి నాలుగంకెలు ఏడాది. పేరుతోనూ వెతకొచ్చు గానీ లక్ష్మిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. ఇంకో సంగతి. తెర మీద ‘డిస్పోజ్డ్’ అని కనపడగానే విడాకులొచ్చేసినట్టు కాదు. పిటిషనరు హాజరు కాక కొట్టేసినా డిస్పోజ్డే, రాజీపడి వెనక్కి తీసుకున్నా డిస్పోజ్డే. రెండో సంబంధం చూసేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటున్నారు.

నంబరు దొరికాక కాపీ అప్లికేషన్. సిటీలో కోర్టులు ఇప్పుడు కొత్త భవనంలో ఉన్నాయి. 2022 ఆగస్టు 20న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు, మన పొన్నవరం ఆయనే, ప్రారంభించారు. అంతస్తులు పెరిగినా పని తీరు పాతదే. అప్లికేషన్లో కోర్టు, నంబరు, పార్టీల పేర్లు, తీర్పు తేదీ రాయాలి. జడ్జిమెంటు కావాలా, డిక్రీ కావాలా అన్నది కూడా రాయాలి. రెండూ వేరు. జడ్జిమెంటులో కారణాలుంటాయి, డిక్రీలో ఫలితం ఉంటుంది. వీసాకి, ఉద్యోగానికి రెండూ తీసుకోమంటాను. కేసు కట్ట బయటికి తీసి పేజీలు లెక్కపెట్టాక ఇన్ని స్టాంపులు కట్టమని జాబితా పెడతారు. మా భాషలో దీన్ని ‘స్టాంపులు పిలవడం’ అంటాం. ఆ జాబితా చూసుకోక గడువు దాటిస్తే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

చేతికొచ్చిన కాపీలో ఊదా రంగు రబ్బరు ముద్ర ఉంటుంది. అప్లికేషన్ వేసిన తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ వరసగా చేత్తో నింపుతారు. జనం దాన్ని చూడరు, మేము ముందు చూసేది అదే. అప్పీలు గడువులోంచి కాపీకి పట్టిన కాలాన్ని 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ మినహాయిస్తుంది. ఆ లెక్క తేలేది ఈ ముద్రతోనే.

సొంత కేసు కానివాళ్లకి ఇంత సులువు కాదు, కాకూడదు కూడా. హిందూ వివాహ కేసులు తలుపులు మూసి విచారించాలనీ, వివరాలు అచ్చు వేయకూడదనీ హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అఫిడవిట్ వేసి, మీకెందుకు కావాలో జడ్జిగారికి చెప్పుకోవాలి. సమాచార హక్కు కింద అడుగుతామంటే కుదరదు. కోర్టు కాపీలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న తేల్చేసింది. అబ్బాయికి ముందొక పెళ్లయిందని తెలిస్తే డిక్రీ సర్టిఫైడ్ కాపీ అబ్బాయినే అడగండి. ఇవ్వడానికి నీళ్లు నమిలితే ఆ సంబంధం వద్దనుకోండి.

అసలు రికార్డే లేని విడాకులూ మన ఊళ్లలో ఉన్నాయి. పెద్దమనుషుల దగ్గర స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ ముద్ర వేయించుకుని, అయిపోయిందనుకుంటారు. కులాచారం ప్రకారం జరిగే విడాకుల్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాదనలేదు. కానీ ఆ ఆచారం ఉందని రుజువు చేయాల్సింది మీరే. కోర్టులో అడిగి డిక్లరేషన్ తెచ్చుకుంటే తప్ప ఎంబసీ ముందు ఆ కాగితం నిలబడటం కష్టం. క్రైస్తవుల పాత కేసులది ఇంకో కథ. 2001లో చట్టం మార్చేదాకా జిల్లా కోర్టు ఇచ్చిన విడాకుల్ని హైకోర్టు ఖాయం చేయాల్సి వచ్చేది. అందుకని వాళ్లు మచిలీపట్నం జిల్లా కోర్టుతో ఆగకుండా అప్పటి హైకోర్టు ఉత్తర్వు కూడా వెతకాలి.

కాపీ మీద సరైన ముద్ర లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసు ఉంది. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు తెచ్చుకుని ఇక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. 1991 జులై 9న సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది. కాపీ సంగతీ చూసింది. అక్కడి కోర్టు క్లర్కు ధ్రువీకరించినా, అక్కడున్న మన ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదు కాబట్టి సాక్ష్యంగా పనికిరాదంది.

చివరగా డబ్బు మాట. విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఇద్దరికీ చెరొక కాపీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ నాలుగో ఉపవిభాగంలో ఉంది. అడిగేవాళ్లే తక్కువ. తీర్పు వచ్చాక మీ కాపీ మీరు అడిగి తీసుకోండి. కేసులో దాఖలు చేసిన ఒరిజినల్ కాగితాలు కూడా అప్పీలు గడువు దాటగానే పిటిషన్ వేసి వెనక్కి తెచ్చుకోండి. పాత కట్టల్లో పనికిరాని కాగితాల్ని నాశనం చేసే నిబంధనలు ఉన్నాయి, పిల్లల సర్టిఫికెట్లు కూడా ఆ కట్టల్లోనే ఉంటాయి.