పేరు ఊరిదా, మనిషిదా?

నాకు పదేళ్ళ వయసప్పుడు మేము బెజవాడలో ఉండేవాళ్ళం. ఒక వేసవిలో మా అమ్మమ్మకు జబ్బు చేసింది. "మా అన్నయ్యకు ఒక కార్డు ముక్క రాయరా, వచ్చి చూసిపోతాడు," అన్నది నాతో. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఇంట్లో పేరు. అందుచేత కార్డు రాసే పని నాకు వచ్చింది. సంగతి అంతా అమ్మ చెబుతుంటే రాశాను. చిరునామా మాత్రం ఎవరినీ అడగలేదు. తాతయ్య పేరు, దాని కింద "కూచిపూడి", దాని కింద "కృష్ణా జిల్లా" అని రాసి, పరుగెత్తుకుంటూ వెళ్ళి పెట్టెలో వేసి వచ్చాను.

పిల్లలూ, కూచిపూళ్ళు రెండున్నాయి. ఒకటి కృష్ణా జిల్లాలో మొవ్వ దగ్గర ఉన్నది. భాగవతులవారి ఊరు అదే. ఆ ఊరి పేరే అక్కడి నాట్యానికి కూడా వచ్చి, ఇవాళ ప్రపంచమంతా తెలిసింది. బళ్ళో మాకు చెప్పినది ఆ కూచిపూడిని గురించే. రెండోది కృష్ణ దాటి అవతల, అమృతలూరు దగ్గర ఉన్నది. అది ఆ రోజుల్లో గుంటూరు జిల్లా. మా తాతయ్య ఉండేది ఆ రెండో కూచిపూడిలో.

ఇందులో ఇంకొక విశేషం జరిగింది. మొవ్వ దగ్గరి కూచిపూడిలో, సరిగ్గా మా తాతయ్య పేరే గల పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పోస్టు బంట్రోతు కార్డు తీసుకుపోయి ఆయనకు ఇచ్చాడు. ఆయన చదివి, కార్డు అంచున చోటున్నంతలో, "నాకు బెజవాడలో చెల్లెలు లేదు. అమృతలూరు కూచిపూడికి పంపి చూడగలరు," అని రాసి తిరిగి ఇచ్చాడు. ఆ కార్డు మా తాతయ్యకు చేరి, ఆయన బయలుదేరి వచ్చేసరికి, అమ్మమ్మ పోయి పదకొండో రోజు.

తాతయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. జేబులోంచి కార్డు తీసి, అంచున ఉన్న రాత చూపించి, "ఈయనెవరో చాలా మంచివాడురా," అన్నాడు. నేను రాసిన చిరునామా ఆ రాతకు పైనే ఉన్నది, నా గుండ్రటి అక్షరాలతో.

ఇటువంటి పొరపాట్లు మన దేశంలో రోజుకు ఎన్ని జరిగేవో! ఒకే పేరు గల ఊళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. చిరునామాలు రాసే భాషలూ, లిపులూ అనేకం. అందుకే 1972 ఆగస్టు 15న తపాలాశాఖవారు పిన్ కోడు ప్రవేశపెట్టారు. ఇందులో ఆరు అంకెలుంటాయి. మొదటి అంకె దేశంలో ఏ భాగమో చెబుతుంది. మొదటి మూడు అంకెలూ కలిసి ఉత్తరాలను విడదీసే జిల్లా ఏదో చెబుతాయి. చివరి మూడూ పోస్టాఫీసుకు గుర్తు. విజయవాడ పెద్ద పోస్టాఫీసు అంకె 520001. ఊరిపేరు రెండుచోట్ల ఉండవచ్చుగాని, ఈ అంకె రెండుచోట్ల ఉండదు. అది కాస్త ముందుగా వచ్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తూంటుంది.

పిన్ కోడు రాకపూర్వం జనం ఏం చేసేవారు? పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళకు ఒకే పేరు వస్తే, పెద్దదానికి "పెద", చిన్నదానికి "చిన" చేర్చేవారు. గన్నవరం వైపు వెళితే పెద అవుటపల్లి, చిన అవుటపల్లి ఉన్నాయి. ఉయ్యూరు దగ్గర పెద ఓగిరాల, చిన ఓగిరాల ఉన్నాయి. (చిన అవుటపల్లి చీనా దేశంలో ఉన్నదా అని మా తమ్ముడు ఒకసారి అడిగాడు. చీనా సంగతి ముందు రాబోతున్నది.) దూరదూరంగా ఉన్న ఊళ్ళకు ఈ ఉపాయం పనికిరాదు. దుగ్గిరాలలు రెండున్నాయి. ఒకటి విజయవాడనుంచి తెనాలి వెళ్ళే రైలుదారిలో వస్తుంది, రెండోది ఏలూరు దగ్గర ఉన్నది.

దుగ్గిరాల అనగానే మీ నాన్నగారికి ఊరు కాక ఒక మనిషి జ్ఞాపకం వస్తాడు. ఆయన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, చీరాల–పేరాల ఉద్యమం నడిపిన నాయకుడు. ఆయన పుట్టిన ఊరు దుగ్గిరాల కాదు, ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో ఉండిన పెనుగంచిప్రోలు. మరి ఆయనకు దుగ్గిరాల అన్న పేరెలా వచ్చింది?

అది ఇంటిపేరు. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే. ఒక కుటుంబం తన ఊరు విడిచి, మరొక ఊరు చేరిందనుకోండి. అక్కడివాళ్ళు వాళ్ళను "ఫలానా ఊరివాళ్ళు" అంటారు. రెండుమూడు తరాలు గడిచేసరికి ఆ మాటే ఇంటిపేరై కూర్చుంటుంది. ఘంటసాలలో ఉన్నవాళ్ళందరూ ఘంటసాలవాళ్ళే గదా! ఆ ఊళ్ళో నిలబడి "ఘంటసాలవారూ!" అని కేకవేస్తే ఎవరు పలుకుతారు? కాబట్టి ఇంటిపేరులో ఊరు ఉన్నదంటే, సాధారణంగా ఆ కుటుంబం ఎప్పుడో ఆ ఊరు వదిలి వచ్చిందన్నమాట.

ఈ లెక్క అన్నిచోట్లా కుదరదు. "కృష్ణాపత్రిక" సంపాదకులు ముట్నూరి కృష్ణారావుగారు పుట్టినది ముట్నూరులోనే. కవి కాటూరి వెంకటేశ్వరరావుగారు పుట్టినది కాటూరులోనే. ముట్నూరివారి విషయం మరీ తమాషాగా ఉంటుంది. ఆయన పేరు కృష్ణ, పత్రిక పేరు కృష్ణ, జిల్లా పేరు కృష్ణ, దానిలో పారే నది పేరు కృష్ణ!

ముట్నూరు అనే మాట ముట్నూరి అయింది, చూశారా? తెలుగులో "ఊరు" అన్న మాటకు "యొక్క" అనే అర్థం కావలసినప్పుడు "ఊరి" అంటాము. "ఊరి చెరువు" అంటాంగాని "ఊరు చెరువు" అనం. కాటూరి అంటే కాటూరు యొక్క, నందమూరి అంటే నందమూరు యొక్క. సినిమా నటుడుగా పేరుపొంది తరవాత ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావుగారు 1923లో పుట్టినది నిమ్మకూరులో. నందమూరు అనే ఊరు కృష్ణా జిల్లాలో వేరే ఉన్నది. కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారు పుట్టినది ఆ నందమూరులో. చూశారా, నందమూరివారిది నిమ్మకూరు, విశ్వనాథవారిది నందమూరు!

ఇక ఘంటసాల మాట చెబుతాను. పాటల ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఆయన ఇంటిపేరు గల ఊరు దివిసీమ వైపు ఉన్నది. ఇప్పుడది మామూలు పల్లెటూరులాగే కనిపిస్తుంది. కాని పంధొమ్మిది వందల ఏళ్ళ నాడు అలెగ్జాండ్రియా పట్నంలో ఉండిన టాలెమీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు తూర్పుతీరపు రేవుల పట్టీ రాస్తూ, "కంటకోస్సుల" అనే వర్తకపు రేవును పేర్కొన్నాడు. ఘంటసాలలో దొరికిన పాత ప్రాకృత శాసనాలలో ఆ ఊరి పేరు "కంటకసోల" అని ఉన్నది. ఒక శాసనంలో శివకుడనే మహానావికుడి పేరు కూడా కనిపిస్తుంది. మహానావికుడంటే ఓడ నడిపే పెద్ద. అక్కడ బౌద్ధస్తూపం కూడా బయటపడింది. ఆ తరవాత కృష్ణ ఏటేటా ఒండ్రు తెచ్చి పోస్తూ ఉంటే, నేల ముందుకు పెరిగి సముద్రం దూరంగా జరిగిపోయింది. ఓడలు పోయాయి, రేవు పోయింది. పేరు మాత్రం నోటినుంచి నోటికి కాస్త కాస్త మారుతూ మిగిలి, ఒక గాయకుడి ఇంటిపేరై రేడియోలో ఇంటింటా వినిపించింది.

ఇంటిపేరు ముందు పెట్టి, అసలు పేరు తరవాత చెప్పడం మనకే ఉన్నదనుకోకండి. చీనావాళ్ళూ అంతే చేస్తారు. వాళ్ళ ఇంటిపేర్లలోనూ చాలావాటికి మూలం ఊళ్ళూ, రాజ్యాలే.

ఆ దేశంనుంచి ఏడవ శతాబ్దంలో ఒక భిక్షువు మన కృష్ణాతీరానికి వచ్చాడు. ఆయన్ను మన పాఠాలలో హ్యూన్‌త్సాంగ్ అంటారు. అది సన్యాసం పుచ్చుకున్నాక వచ్చిన పేరు. చిన్నప్పటి పేరు చెన్ యి. చెన్ ఇంటిపేరు, యి అసలు పేరు. ఈ చెన్ అనేది పూర్వం చీనాలో ఒక చిన్న రాజ్యం. దాదాపు రెండువేల అయిదువందల ఏళ్ళ క్రితం చూ అనే పెద్ద రాజ్యం దాన్ని మింగేసింది. రాజ్యం పోయినా, ఆ పేరు ఇంటిపేరై నిలిచింది. ఇప్పటికీ కోట్లమంది చీనావాళ్ళ ఇంటిపేరు చెన్.

హ్యూన్‌త్సాంగ్ ఇక్కడ కొన్ని నెలలుండి, ఇద్దరు భిక్షువుల వద్ద శాస్త్రం చదువుకుని, తనకు తెలిసినది వారికి చెప్పాడు. ఊరికి తూర్పున ఒక విహారం, పడమట ఒక విహారం ఉన్నట్టు రాశాడు. అయితే ఆ నగరం పేరు చీనా అక్షరాలలో రాయడంవల్ల తరవాతివాళ్ళకు పేచీ వచ్చింది. అది బెజవాడే అని కొందరు పండితులన్నారు. కాదు, అమరావతి పక్కనున్న ధరణికోట అని మరికొందరన్నారు. మనం చీనా పేర్లు రాసినా ఇదే అవస్థ. హ్యూన్‌త్సాంగ్ బయలుదేరిన చాంగాన్ నగరం ఇప్పటి షీయాన్. అది షాన్‌షీ రాష్ట్రంలో ఉన్నది. దాని పక్క రాష్ట్రం పేరు కూడా షాన్‌షీయే! చీనావాళ్ళు ఒకదాని మొదటి అక్షరాన్ని ఎత్తి సమంగా పలుకుతారు, రెండోదాన్ని దించి పైకి లేపుతారు. వాళ్ళ రాతలో రెండు పేర్లకూ వేరువేరు గుర్తులున్నాయి. తెలుగులో ఆ తేడా రాయడానికి మనకు అక్షరం లేదు.

ఊరి పేరు మనిషికి రావడం ఒక ఎత్తయితే, మనిషి పేరు ఊరికి రావడం మరొక ఎత్తు. చీనా గణతంత్రానికి 1912లో మొదటి అధ్యక్షుడైన సన్ యట్ సెన్‌ను ఆ దేశంలో జోంగ్‌షాన్ అంటారు. ఆయన పుట్టిన ప్రాంతం షియాంగ్‌షాన్. 1925లో ఆయన పోగానే దాని పేరు జోంగ్‌షాన్ అని మార్చారు. ఇంతకీ ఆ జోంగ్‌షాన్ అన్నది, ఆయన జపానులో తలదాచుకున్నప్పుడు పెట్టుకున్న నకయామా అనే మారుపేరును చీనా పద్ధతిలో చదివితే వచ్చినది. నకయామా జపానులో మామూలు ఇంటిపేరు. ఎక్కడి పేరు ఎక్కడికి వచ్చి కూర్చున్నదో చూడండి!

మనలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి కథ దీనికి తీసిపోదు. ఆయన ఇంటిపేరు టంగుటూరు అనే ఊరినుంచి వచ్చింది. పుట్టినది ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో, 1872లో. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయనే మొదటి ముఖ్యమంత్రి. విజయవాడ వద్ద కృష్ణ మీద 1855లో కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండిపడితే, దానికి బదులు కొత్త బారేజి కట్టారు. అది 1957లో పూర్తయింది. ప్రకాశంగారు కన్నుమూసినదీ ఆ ఏడే. దానికి ప్రకాశం బారేజి అని పేరుపెట్టారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. టంగుటూరు ఆ జిల్లాలోనే ఉన్నది. అంటే, ఆయనకు పేరిచ్చిన ఊరు ఇప్పుడు ఆయన పేరుగల జిల్లాలో ఉన్నదన్నమాట!

నందమూరివారి విషయంలో లెక్క అలా కుదరలేదు. 2022లో విజయవాడ ముఖ్యపట్టణంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది. నిమ్మకూరూ, నందమూరూ మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి.

చివరకు మా బెజవాడ సంగతి. ఈ పేరూ ఇంటిపేరయింది. 1955–56లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బెజవాడ గోపాలరెడ్డిగారు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టారు. శాంతినికేతనంలో చదివి, రవీంద్రుని రచనలను తెలుగు చేసినవారు. కర్ణాటకలోని కోలారు బంగారు గనులకు పొట్టచేతబట్టుకుపోయిన తెలుగు కుటుంబాలలో ఒకదానికీ బెజవాడ అనే ఇంటిపేరున్నది. ఆ ఇంట 1966లో పుట్టిన బెజవాడ విల్సన్‌గారు, మనుషులచేత మలం ఎత్తించే దురాచారాన్ని తుదముట్టించడానికి పాటుపడినందుకు 2016లో రామన్ మెగసెసే బహుమతి పొందారు.

ఊరు మాత్రం తన పేరు మార్చుకున్నది. పటాలలో, బస్సుల మీద, పుస్తకాలలో అంతా విజయవాడే. రైల్వేవారు ఒక్కరే మార్చలేదు. మీరు ఎప్పుడైనా విజయవాడకు రైలు టిక్కెట్టు కొంటే, ఆ స్టేషనుకు వాళ్ళు రాసే పొట్టిగుర్తు చూడండి. బి, జడ్, ఏ అని మూడు అక్షరాలుంటాయి. అది బెజవాడ.