మాత్రలకు లొంగని మూర్ఛకు మరో దారి

మొన్నటి ఆదివారం ఆరాధనలో వాక్యం చెబుతుండగా మూడో వరుసలో ఒక యువకుడు బిగుసుకుపోయి పక్కకు ఒరిగిపోయాడు. ఒకరు తాళాల గుత్తి కోసం వెతికారు, ఇంకొకరు నీళ్లు తెచ్చారు. తల్లి మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా కొడుకును పక్కకు తిప్పి పడుకోబెట్టింది. అతని ముంజేతికి గడియారంలా కట్టి ఉన్న చిన్న అయస్కాంతాన్ని తీసి, చొక్కా మీదుగా ఎడమ ఎదపై ఒకసారి అలా దాటించింది. రెండు నిమిషాల లోపే మూర్ఛ తగ్గింది. ఆరాధన ముగిశాక "ఆ తాయెత్తు ఏమిటండీ?" అని మమ్మల్ని అడిగినవారు ఒకరిద్దరు కాదు. అది తాయెత్తు కాదు. దాని సంగతి చెప్పడానికే ఈ వారం ఈ పేజీ.

చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగుతాయన్నది మన ఊళ్లలో తరతరాల నమ్మకం. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఆ ఘనత తాళాలకు దక్కుతోంది, అంతే. అయస్కాంతం సంగతి వేరు. ఆ యువకుడి ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం లోపల, గుండెకు అమర్చే పేస్‌మేకర్ లాంటి చిన్న యంత్రం ఉంది. దాని నుంచి ఒక సన్నని తీగ చర్మం కిందుగానే మెడలోకి వెళ్లి, వేగస్ అనే నరానికి చుట్టుకుని ఉంటుంది. సాధారణంగా ఐదు నిమిషాలకొకసారి, 30 సెకన్ల పాటు, ఆ యంత్రం నరానికి అతి స్వల్పమైన విద్యుత్తు పంపుతుంది, పగలూ రాత్రీ. మూర్ఛ వస్తున్నప్పుడు అయస్కాంతాన్ని దాని మీదుగా దాటిస్తే అదనంగా ఇంకో విడత వెళుతుంది. దీనికోసం తల తెరవనక్కర్లేదు. మానసిక వ్యాధులకు ఇచ్చే కరెంటు షాకుతోనూ దీనికి సంబంధం లేదు.

మూర్ఛ ఉన్నవారిలో ఎక్కువమందికి ఇది అవసరమే రాదు. సరైన చికిత్స అందితే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలినవారిదే కష్టం. సరిగా ఎంచుకున్న రెండు మందులు తగిన మోతాదులో, మానకుండా వాడినా మూర్ఛలు ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. 'మానకుండా' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మధ్యమధ్యలో మాత్రలు మానేసి మందు పనిచేయలేదనే ఇళ్లు మాకు తెలుసు. నిజంగానే లొంగకపోతే మాత్రలు మారుస్తూ పదేళ్లు గడపకూడదు. హైదరాబాదు నిమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర వంటి చోట్ల చూపించుకోవాలి. మెదడులో మూర్ఛ పుట్టే చోటును ఆపరేషన్‌తో తీసివేయగలరా అని వారు ముందు పరీక్షిస్తారు. అది వీలైతే మూర్ఛలు పూర్తిగా ఆగే అవకాశం ఎక్కువ. వీలుకాని వారికే ఈ నరం చికిత్స.

వేగస్ అంటే లాటిన్‌లో తిరుగాడేది అని అర్థం. మెదడు అడుగున బయలుదేరి మెడ, గుండె, ఊపిరితిత్తులు, కడుపు దాకా తిరిగే నరం అది. అందులోని పోగుల్లో ఎక్కువ భాగం శరీరం నుంచి మెదడుకు కబురు మోసేవే. ఆ దారినే పైకి సంకేతం పంపి మూర్ఛను అణచవచ్చని ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ శాస్త్రవేత్త జేక్ జబారా ఆలోచించారు. 1988లో అమెరికాలో మొదటిసారి ఒక మనిషికి ఈ యంత్రం అమర్చారు. 1997లో అక్కడి ప్రభుత్వం 12 ఏళ్లు దాటినవారికి అనుమతించింది. 2017లో ఆ వయసును 4 ఏళ్లకు తగ్గించింది. కుడివైపు నరానికి గుండె వేగంతో సంబంధం ఎక్కువ, అందుకే ఎడమ నరాన్నే ఎంచుకుంటారు.

ఫలితం ఎంత? అమర్చుకున్నవారిలో సుమారు సగం మందికి మూర్ఛలు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గుతాయి. పూర్తిగా ఆగిపోయేది కొద్దిమందికే. ఆ తగ్గుదల కూడా నెలల మీద, ఒక్కోసారి ఏడాది రెండేళ్ల మీద కనబడుతుంది. ఖర్చు లక్షల్లో ఉంటుంది. కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోతే మళ్లీ చిన్న ఆపరేషన్ తప్పదు. అప్పు చేసే ముందు కుటుంబం ఇవన్నీ తెలుసుకోవాలి. ఆ తల్లి మాతో అన్నది ఇదే: "నెలకు పదిహేను వచ్చేవి అయ్యగారూ, ఇప్పుడు ఐదారు. మాత్రలు మాత్రం మానలేదు."

మాత్రల మాట వచ్చింది గనుక మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఉపవాస ప్రార్థనలయ్యాక ఒక తల్లి "మాత్రలు ఆపేయమంటారా అయ్యగారూ?" అని అడిగింది. ఆపమనలేదు, వద్దనీ అనలేదు. "మీ విశ్వాసం చొప్పున" అని తప్పించుకున్నాం. ఆమె ఆపేసింది. నాలుగో రోజున బిడ్డకు ఆగకుండా ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. బిడ్డ బతికాడు. మూర్ఛ మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని మేము అప్పుడు తెలుసుకున్నాం. తెలుసుకుని ఉండవలసింది అంతకు ముందే. మత్తయి 17లో ప్రభువు ఒక బాలుని విషయంలో దయ్యాన్ని గద్దించిన మాట నిజమే. కానీ అదే సువార్త 4:24లో దయ్యం పట్టినవారూ చాంద్రరోగులూ వేర్వేరుగా ఉన్నారు. ఫిట్స్ వచ్చిన పిల్లవాణ్ణి చూడగానే దయ్యమనే బోధకులు ఆ వచనం మరొకసారి చదవాలి.

ఆరాధనలో ఎవరికైనా మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు పోయకండి, కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఈ యంత్రం ఉన్నవారు ఎమ్మారై తీసేముందు ఆ సంగతి చెప్పాలి. మెడనొప్పికి ఫిజియోథెరపీలో ఇచ్చే డయాథర్మీ వేడి చికిత్స వారికి అసలు పనికిరాదు.

ఇంకొకటి. విద్యుత్తు వెళ్లే ఆ 30 సెకన్లు కొందరికి గొంతు బొంగురుపోతుంది. ఆ యువకుడు మా గాయకబృందంలో పాడతాడు. అయస్కాంతాన్ని యంత్రం మీద అలాగే ఉంచితే ఉన్నంతసేపూ అది ఆగి ఉంటుంది. డాక్టరు అనుమతితో, తన చరణం వచ్చినప్పుడు అతడు ఎడమ ఎదపై చెయ్యి వేసుకుంటాడు. చరణం అయిపోగానే తీసేస్తాడు.