ఫోనులో పాత టైంటేబులే ఎందుకు కనిపించింది?

అర్ధ సంవత్సర పరీక్షల ముందు ఒక మంగళవారం సాయంత్రం ఒక తల్లి ఫోన్ చేశారు. "సార్, తెలుగు పరీక్ష శుక్రవారమే కదా?" కాదమ్మా, రేపే, మార్చాం అన్నాను. "ఇప్పుడే మన బడి సైటులో చూశానండీ, శుక్రవారమనే ఉంది" అన్నారామె. మా హోసూరు వైపు పొద్దున్నే పనులకు పోయే తల్లిదండ్రులకు నోటీసు బోర్డు చూసే తీరికెక్కడిది? ఫోనే ఆధారం. ఆమె ఆ ఒక్క ఫోన్ చేయకుంటే పిల్లవాడి పరీక్ష పోయేది.

తప్పు ఆమెది కాదు, ఫోనుదీ కాదు. కారణం 'క్యాష్'. డబ్బు కాదండోయ్! పలకడం ఒకటే, ఇంగ్లీషు స్పెల్లింగు వేరు.

ఆవాలు కావలసినప్పుడల్లా అంగడికి పరుగెత్తం కదా, పోపుల డబ్బాలో ఉంచుకుంటాం. బ్రౌజరూ అంతే. ఒకసారి తెచ్చుకున్న బొమ్మలు, పేజీలు, ఫైళ్లు ఫోనులో దాచుకుని, మళ్లీ అడిగితే అక్కడినుంచే చూపిస్తుంది. ఎంతసేపు వాడుకోవచ్చో సర్వరే సెకన్లలో చెబుతుంది. 86400 అంటే ఒక రోజు. గడువు తీరాక 'ఇది మారిందా?' అని బ్రౌజరు అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అనే చిన్న జవాబిస్తుంది, ఫైలు మళ్లీ పంపదు. పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా మిగులుతుంది. రోజుకింత అని డేటా కొనుక్కునే ఇళ్లలో అది చిన్న లాభం కాదు.

పెద్ద సైట్లు తమ నకళ్లను పలు నగరాల్లోని సర్వర్లలో ఉంచుతాయి. ఫలితాల రోజున అందరికీ ఒకేలా ఉండే మొదటి పేజీ అక్కడినుంచి వస్తే అసలు సర్వర్‌కు భారం తగ్గుతుంది. మార్కుల పేజీ మాత్రం అలా ఉమ్మడిగా దాచకూడదు, ఎవరిది వారిదే. నెట్ సెంటర్లో హాల్ టికెట్ చూసేటప్పుడు ఇన్‌కాగ్నిటో విండో వాడి, పని కాగానే మూసేయండి.

ఇక మా టైంటేబుల్ సంగతి. కొత్తదాన్ని పాత ఫైలు పేరుతోనే ఎక్కించాను. అవును, నేనే. గడువు తీరలేదు గనుక ఆమె ఫోను సర్వర్‌ను అడగనే లేదు.

అనుమానమొస్తే కంప్యూటర్లో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. ఫోనులోనైతే బ్రౌజరు సెట్టింగుల్లో దాచిన బొమ్మలు, ఫైళ్లు మాత్రమే తొలగించండి. కుకీలు కూడా తీసేస్తే సైట్లలో మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది.

ఇప్పుడు ఫైలు పేరులోనే తేదీ వేస్తున్నాను. పేరు మారితే బ్రౌజరుకు అది కొత్త ఫైలే. ముఖ్యమైన మార్పైతే పిల్లల డైరీలో కూడా రాయిస్తున్నాం.