అండమాను చూచి వద్దాం రండి!

సంక్రాంతి సెలవులు ముగిసి కాలేజీ తెరిచిన రోజున, "అండమాను వెళ్ళి వచ్చామండీ" అని స్టాఫు రూములో చెప్పాను. చరిత్ర చెప్పే మిత్రుడొకడు కళ్ళజోడు సవరించుకొని, "ఏం నేరం చేశారు మాస్టారూ? ఇంత త్వరగా ఎలా వదిలిపెట్టారు?" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

ఆయన తప్పేం లేదు. మన ఇళ్ళలో ఆ పేరు వినబడినప్పుడల్లా జైలే గుర్తుకు వచ్చేది. అల్లరి పిల్లవాణ్ణి "అండమాను పంపించేస్తా" అని బెదిరించని బడిపంతులు మా చిన్నప్పుడు లేడు. ద్వీపాంతరవాసమన్నా, కాలాపానీ అన్నా అర్థం ఒకటే: పోయినవాడు తిరిగి రాడు. అటువంటి చోటికి పెళ్ళాం పిల్లలతో, డెబ్బై దాటిన తల్లితో విహారయాత్రకు వెళ్ళడమేమిటని మీరూ అనుకోవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అసలు ప్రయాణం మా అమ్మ కోరిక. అమ్మకు సొంత పినతండ్రి ఒకాయన శ్రీకాకుళం ప్రాంతంలోని మా పల్లె నుంచి 1960లలో విశాఖపట్నంలో ఓడ ఎక్కి, అండమానులో కోతమిల్లులో పనికి కుదిరాడట. నెలనెలా మనియార్డరు పంపేవాడు. అమ్మ పెళ్ళికి ఎర్రచెక్కతో చేసిన కుంకుమభరిణె ఒకటి తెలిసినవాళ్ళ చేత పంపించాడు; తాను రాలేకపోయాడు. ఆ తరువాత రెండేళ్ళకు టెలిగ్రాం వచ్చింది. అది అందేసరికి అంతా అయిపోయింది. మళ్ళీ ఓడ ఎప్పుడో తెలియదు. ఎవరూ వెళ్ళలేదు. నాగావళి ఒడ్డున కర్మ జరిపించి, ఊరుకున్నారు. "ఆయన ఉన్న చోటు ఒక్కసారి చూడాలిరా నాయనా" అని అమ్మ అంటూనే ఉంది. నేను "చూద్దాంలే" అంటూనే ఉన్నాను. ఈ ఏడు ఆ మాట చెల్లించుకున్నాను.

ఓడలో వెళదామన్నది అమ్మ. విశాఖపట్నం నుంచీ, చెన్నై నుంచీ, కలకత్తా నుంచీ ఇప్పటికీ ప్రయాణికుల ఓడలున్నాయి. దూరం రమారమి పన్నెండువందల కిలోమీటర్లు. సముద్రం మీద రెండు మూడు రోజులు. ఎప్పుడు కదులుతుందో ఓడ ఇష్టం, సెలవులు ఎప్పుడో మా ప్రిన్సిపాలుగారి ఇష్టం. రెండూ కలవలేదు. చివరకు చెన్నై వెళ్ళి విమానం ఎక్కాము. రెండు గంటల పైచిలుకులో దిగిపోయాము. మెట్లు దిగుతూ అమ్మ వెనక్కు తిరిగి విమానం వంక చూచి, "ఇంతేనా దూరం?" అంది. నేను సమాధానం చెప్పలేదు.

మనం చిన్నప్పుడు చదువుకున్న పోర్ట్ బ్లెయిరు పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఊరివాళ్ళ నోట పాతపేరు ఇంకా పోలేదు. దీవులు అయిదువందలకు పైగా ఉన్నా మనుషులు కాపురముండేవి నలభై కూడా లేవు. అన్నిటిలోనూ కలిపి, 2011 లెక్కల ప్రకారం, జనం నాలుగు లక్షలకు లోపే. అందులో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగేనంటే నమ్ముతారా? బజారులో మా శ్రీమతి వచ్చీరాని హిందీలో కొబ్బరిబోండాం బేరమాడుతుంటే, కత్తి పట్టుకున్న మనిషి ఓపికగా అంతా విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. అతనిది సోంపేట దగ్గర పల్లె. బోండాం ధర మాత్రం తగ్గించలేదు.

మొదటిరోజే మమ్మల్ని ఆశ్చర్యపరచినవాడు సూర్యుడు. అయిదుంబావుకే అస్తమించి, ఆరు కొట్టేసరికి ఊరంతా చీకటి చేసేశాడు. మర్నాడు ఆరు కాకుండానే కిటికీలోంచి ఎండ ముఖాన కొట్టింది. అమ్మాయికి కారణం చెప్పాను. మన దేశపు గడియారానికి ఆధారమైన రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. అండమాను అక్కడికి తూర్పున పది డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ నలభై నిమిషాలు ముందే నెత్తికెక్కుతాడు. గడియారం మాత్రం ఒక్కటే. కనుక అక్కడికి వెళ్ళేవారికి మొదటి సలహా: తెల్లవారుజామునే లేవండి. ఊరు చూడడమంతా సాయంత్రం నాలుగున్నరలోపే ముగించుకోవాలి.

ఇక చూడవలసినవి. ముందుగా సెల్యులర్ జైలు. 1857 తిరుగుబాటు మొదలైన మరుసటి ఏడాదే తెల్లవారు ఈ దీవులకు ఖైదీలను తోలడం మొదలుపెట్టారు. జైలు కట్టడం 1896లో ఆరంభమై 1906లో ముగిసింది. నడిమి బురుజు నుంచి బండిచక్రపు ఆకుల్లాగా ఏడు బారులు, మూడేసి అంతస్తులు. ఒక బారు ముందుభాగం ఇంకొక బారు వీపును చూస్తుంది. అంటే ఏ ఖైదీకీ మరొక ఖైదీ ముఖం కనబడదు. గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. పైన చేతికందని ఎత్తులో ఒక చిన్న కిటికీ. సావర్కరు 1911 నుంచి 1921 వరకు ఇక్కడ ఉన్నారు. మన కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి గారూ ఈ గోడల మధ్య ఖైదు అనుభవించారు. 1933లో ఖైదీలు నిరాహారదీక్ష పట్టితే, బలవంతంగా ఆహారం ఎక్కించబోవడంతో మహావీర్ సింగ్ మొదలైన ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1937లో మళ్ళీ పెద్ద దీక్ష జరిగాక గాని రాజకీయ ఖైదీలను స్వదేశానికి పంపలేదు.

ఏడు బారుల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. 1979లో దీనిని జాతీయ స్మారకం చేశారు. గానుగ దగ్గర మా అమ్మాయి నిలబడిపోయింది. ఎద్దు తిరగవలసిన గానుగను మనిషి చేత తిప్పించేవారు. ముప్ఫై పౌండ్ల కొబ్బరినూనె రోజు పూర్తయ్యేసరికి కొలిచి ఇవ్వాలి, తగ్గితే కొరడా. అంతవరకు ఫోటోలు తీస్తున్న పిల్ల ఫోను సంచిలో పెట్టేసింది. పాఠ్యపుస్తకంలో పది పేజీలు చెప్పలేని సంగతి అక్కడ పది నిమిషాల్లో తెలుస్తుంది. పిల్లలను తప్పక తీసుకు వెళ్ళాలనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఎదురుగా, పడవలో పదిహేను నిమిషాల దూరంలో, రాస్ దీవి. 2018లో దీనికి నేతాజీ పేరు పెట్టారు. ఖైదీలు అక్కడ గానుగ తిప్పుతుంటే, దొరలు ఇక్కడ నాట్యాలాడేవారు. చర్చి, రొట్టెల కార్ఖానా, దొరగారి బంగళా, అన్నీ ఉండేవి. 1941 జూన్‌లో భూకంపం వచ్చింది; మరుసటి ఏడాది జపానువారు వచ్చారు. దొరలు పోయారు. ఇప్పుడు ఆ గోడలను మర్రిజాతి చెట్ల వేళ్ళు చుట్టేసి నిలబెట్టాయో, పడగొడుతున్నాయో తెలియకుండా ఉంది. మధ్యలో జింకలు, నెమళ్ళు నిర్భయంగా తిరుగుతుంటాయి. నేతాజీ 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిరులో జెండా ఎగురవేశారు. అయితే జపానువారి ఏలుబడి దీవులవాళ్ళకు సుఖమివ్వలేదు. గూఢచారులన్న అనుమానంతో ఎందరినో చిత్రహింసలు పెట్టి చంపారు. 1945 దాకా ఆ బాధ తప్పలేదు.

సముద్రం కోసమే వెళ్ళేవారికి స్వరాజ్ దీవి ఉంది. పాతపేరు హేవ్‌లాక్. మోటారు పడవలో రెండు, రెండున్నర గంటలు. ప్రైవేటు పడవలు వేగంగా పోతాయి, ధర ఎక్కువ. ప్రభుత్వపు పడవలు చవక, టిక్కెట్టు దొరకడం కష్టం. అక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైనదని మెచ్చుకుంది. రెండు కిలోమీటర్ల తెల్లని మెత్తని ఇసుక, వెనుక ఆకాశాన్నంటే చెట్ల అడవి, ముందు లేతనీలం, ఆపైన ముదురునీలం. మా శ్రీమతి విశాఖపట్నంలో ఇరవై ఏళ్ళ నుంచి కాపురముంటూ ఏనాడూ చీలమండ దాటి సముద్రంలోకి దిగి ఎరుగదు. అటువంటిది ఇక్కడ మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి, గంటసేపు బయటికి రాలేదు. ఏనుగుల తీరం అనే చోట ముఖానికి అద్దం కట్టుకుని నీటిమీద బోర్లా తేలుతూ పగడపు దిబ్బలను, రంగురంగుల చేపలను చూడవచ్చు. ఈత రానివారి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళే మనుషులున్నారు. నాకూ పట్టుకున్నారు.

షహీద్ దీవి, అనగా పాత నీల్ దీవి, ఇంకా చిన్నది. తూర్పుబెంగాలు నుంచి వచ్చిన కాందిశీకులు అడవి కొట్టి సాగుచేసి, ఊళ్ళకు రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని పేర్లు పెట్టుకున్నారు. ఇల్లు పోగొట్టుకుని వచ్చినవారికి వనవాసం కథ గుర్తుకు రావడంలో వింతేముంది? ఆటు సమయంలో నీళ్ళు తగ్గినప్పుడు అక్కడి రాతివంతెన దాకా నడచి వెళ్ళవచ్చు. గుంటల్లో నిలిచిన నీటిలో చేపలు, సముద్రపు దోసకాయలు కనబడతాయి. వేళ ముందుగా కనుక్కుని వెళ్ళాలి.

ఒక చోటికి మేము వెళ్ళలేదు. బారాటాంగ్‌లో సున్నపురాతి గుహలు, బురద చిమ్మే బుడగలు ఉన్నాయి, చూడదగ్గవే. కాని రోడ్డు మార్గం జారవాల అడవి మధ్యగా పోతుంది. వాళ్ళు చాలా కొద్దిమంది. ఆ రోడ్డు మూయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పినా రాకపోకలు ఆగలేదు. బండి ఆపరాదు, ఫోటో తీయరాదు, తినుబండారాలు విసరరాదు అని కట్టడులు ఉన్నాయి. బండి కుదిర్చే కుర్రవాడు మాత్రం గుహల మాట తరువాత చెప్పి, "అదృష్టం ఉంటే జారవాలు కనిపిస్తారు సార్" అని ఊరించాడు. అమ్మాయి నా వంక ఆశగా చూచింది. అమ్మ అంది: "వాళ్ళింటి మీదుగా పోతూ వాళ్ళను వింతగా చూడడానికి మనం డబ్బులివ్వడమేమిటే? మన వాకిట్లో ఎవరైనా అలా నిలబడితే ఊరుకుంటామా?" కుర్రవాడికి నమస్కారం పెట్టి వచ్చేశాము. సముద్రం మీదుగా బారాటాంగ్‌కు వెళ్ళే దారీ ఉంది. వెళ్ళదలచినవారు దానిని కనుక్కోవడం మంచిది. ఆదివాసుల సంగతి తెలుసుకోవాలంటే ఊళ్ళోనే మంచి మ్యూజియం ఉంది.

ఆఖరు రోజున చాతాం వెళ్ళాము. అదొక చిన్న దీవి. వంతెనతో ఊరికి కలిపారు. అక్కడి ప్రభుత్వ కోతమిల్లు 1883 నాటిది. యుద్ధంలో పడిన బాంబు చేసిన గుంట ఇప్పటికీ కనబడుతుంది. పడాక్ అనే ఎర్రచెక్కకు ఈ దీవులు పెట్టింది పేరు. మిల్లును ఆనుకున్న ప్రదర్శనశాలలో ఆ చెక్కతో చేసిన వస్తువులుంటాయి. అమ్మ ఒక పలక ముందు ఆగి చేత్తో నిమిరి, "ఇదే రంగు" అంది. చేతిసంచిలోంచి కుంకుమభరిణె తీసి పక్కన పెట్టి చూచుకుంది. యాభై ఏళ్ళ చేతివాడకం వల్ల భరిణె కాస్త నల్లబడింది, అంతే.

పినతండ్రి పేరు చెప్పి అడిగితే తెలిసినవారు ఎవరూ లేరు. యాభై ఏళ్ళ నాటి కూలీని ఎవరు గుర్తుంచుకుంటారు? వంతెన దగ్గర నీటి అంచున అమ్మ నాలుగు పువ్వులు వదిలి, చిటికెడు కుంకుమ చల్లి, దణ్ణం పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడో నల్లటి నీళ్ళల్లో ఉన్నాడనుకున్నానురా. చోటు బాగానే ఉంది" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. నవంబరు నుంచి ఏప్రిలు వరకు మంచికాలం. మే నెలలో వానలు మొదలైతే పడవలు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేము. అయిదారు రోజులైనా లేనిదే వెళ్ళకండి. తిరుగు విమానానికి ముందురోజు తప్పనిసరిగా శ్రీ విజయపురం చేరి ఉండండి. సముద్రం పొంగితే దీవిలో చిక్కుకుపోతారు. కొంత నగదు దగ్గర ఉంచుకోండి. వాండూరు వద్ద సముద్ర ఉద్యానంలో, జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్కు వస్తువులు తీసుకుపోనివ్వరు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకొని తెచ్చుకోవడం నేరం. పిల్లల జేబులు తడిమి మరీ బయలుదేరండి. కొన్ని తీరాల్లో మొసళ్ళున్నాయి. హెచ్చరిక పలక ఉన్నచోట నీళ్ళలో దిగకండి. శాకాహారులకు భయం లేదు. మా శ్రీమతి మోసుకొచ్చిన కందిపొడి, ఆవకాయ సగం అలాగే తిరిగి వచ్చాయి.

ఖర్చు తక్కువేమీ కాదు. రెండేళ్ళు వేరే ప్రయాణాలు మానుకుంటే మా వంటి జీతగాళ్ళకూ సాధ్యమే. అందులోనూ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా "ఒక్కసారి చూడాలిరా" అంటూ ఉంటే, సెలవుల కోసం, ధరలు తగ్గడం కోసం చూస్తూ కూర్చోకండి. నేను పదేళ్ళు చూస్తూ కూర్చున్నాను. తీరా వెళితే, దారి రెండు గంటలే.