టస్కెగీ గాయకబృందము – డాసనుగారి కృషి

బానిసలు పాడుకొన్న పాటకు సంగీతశాస్త్రమున స్థానము గలదా యను ప్రశ్న అమెరికాలో చిరకాలము వినబడుచుండెను. దానికి వాదముతో గాక విద్యార్థుల కంఠములతో ప్రత్యుత్తర మిచ్చినవారు విలియం డాసనుగారు.

ఆయన 1899లో అలబామా రాష్ట్రమునందలి ఆనిస్టన్ పట్టణమున జన్మించిరి. పిన్నవయస్సుననే ఇల్లు విడిచి టస్కెగీ విద్యాలయమును చేరిరి. ఆ సంస్థకు పునాది వేసిన బుకర్ వాషింగ్టన్ బానిసగా పుట్టినవాడు. ఆ మహనీయుని గూర్చి గాంధీమహాత్ముడు 1903లోనే దక్షిణాఫ్రికాలో తమ 'ఇండియన్ ఒపీనియన్' పత్రికయందు వ్రాసియుండిరి. శరీరకష్టము చేసి చదువుకొనుట యచ్చటి యాచారము. డాసనుగారును అట్లే చదివి 1921లో విద్య ముగించిరి.

1925లో కాన్సస్ సిటీలో పట్టప్రదానసభ జరిగినది. అందు డాసనుగారు రచించిన కృతిని వాయించిరి. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. కాని కృతికర్త లేచి వందన మొనర్చుటకు వీలులేకపోయెను. తెల్లవారగు తోడివిద్యార్థులు వేదికపై నుండగా ఆయన మేడమీద కూర్చుండవలసివచ్చెను. ఆయన కృతికి శాస్త్రము పట్టము కట్టినది. ఆయన చర్మమునకు సభామర్యాద దొరకలేదు!

షికాగోలో ఉన్నతవిద్య ముగించి 1931లో ఆయన టస్కెగీ సంగీతశాఖకు అధిపతియైరి. మన బృందగానమున అందఱు నొక్క స్వరమునే పాడుదురు. పాశ్చాత్యుల బృందగానమున స్త్రీపురుషులు హెచ్చు తగ్గు స్థాయిలవారుగా విడివడి, ఒకే సమయమున వేర్వేఱు స్వరములు పలికి మేళవింతురు. డాసనుగారు ఈ పద్ధతిని గ్రహించిరి గాని, పాట ప్రాణమును దానికి బలి పెట్టలేదు. ఎజికియేలు ప్రవక్త చూచిన చక్రమును గూర్చిన పాటకు 1942లో ఆయన చేసిన కూర్పునందు, కొన్ని కంఠములు అర్థములేని యక్షరములను వడివడిగా పలుకుచు చక్రము తిరుగుటను వినిపించుచుండగా, తక్కినవి కథ చెప్పును. బానిసల యుచ్చారణను దిద్ది వ్యాకరణశుద్ధముగా మార్చుటకు ఆయన యంగీకరింపలేదు. ఆ పలుకులను వెక్కిరించి నవ్వించు నాటకశాలలు అమెరికాలో వర్ధిల్లిన కాలమది. వానినే గంభీరముగా పాడించుటకు ఎంత ధైర్యము వలయునో పాఠకులే యూహింతురు గాక. 1932 డిసెంబరులో న్యూయార్కునందు రేడియో సిటీ సంగీతశాల తెఱచిన దినములలో ఈ బృందము పాడినది.

1934 నవంబరులో ఆయన 'నీగ్రో ఫోక్ సింఫొనీ'ని స్టొకోవ్‌స్కీగారు ఫిలడెల్ఫియా వాద్యబృందముచే వాయింపించిరి. శ్రోతలు మెచ్చిరి, పత్రికలు పొగడినవి. పిమ్మట వాద్యబృందములు దానిని ఏండ్ల తరబడి మఱచినవి. ఆయన రెండవ సింఫొనీ రచింపలేదు. మెప్పునకు కొదువ లేదు, పిలుపునకే కొదువ యని మా యభిప్రాయము. 1952లో ఆయన పశ్చిమాఫ్రికా కేగి, అచ్చటి లయలను స్వయముగా విని, ఆ కృతిని సంస్కరించిరి.

ఆయన 1955లో టస్కెగీ కొలువు చాలించిరి. మఱుసటి యేడు అమెరికా ప్రభుత్వమువారు స్పెయిన్ దేశమున గాయకబృందములకు శిక్షణ నిచ్చుటకు ఆయననే పంపిరి. 1990లో, తొంబదియవ యేట, డాసనుగారు దివంగతులైరి. తొలుత వాయించిన ఫిలడెల్ఫియా బృందమే ఆయన సింఫొనీని ధ్వనిముద్రణము చేసి 2023లో వెలువరించినది.