పెద్ద హోటల్లో బుజ్జాయి టిఫిన్

ఆదివారం ఉదయం ఏడున్నర. హైదరాబాద్‌లో ఓ నక్షత్ర హోటల్ రెస్టారెంటు. సగం బల్లలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. దోసెల కౌంటర్ దగ్గర నాన్న చంకనెక్కిన మూడేళ్ల పాప పెనం వైపే చూస్తోంది. నీళ్లు చిలకరించగానే పెనం చుయ్యిమంది. పాప ఉలిక్కిపడి నాన్న మెడ పట్టుకుంది. మరుక్షణమే "మళ్లీ!" అంది. దోసె మాస్టర్ మళ్లీ చిలకరించాడు. "ఏం దోసె వెయ్యమంటావు తల్లీ?" అని అడిగాడు. "ఏనుగు దోసె." ఆయన ఒక్క క్షణం ఆలోచించి గరిటెడు పిండిని గుండ్రంగా తిప్పాడు. అటూ ఇటూ రెండు బుల్లి అట్లు అంటించాడు, అవి చెవులు. గరిటె అంచు నుంచి పిండిని సన్నగా జారవిడిచాడు, అది తొండం.

పాప తొండమంతా తింది. ఒక చెవి సగం తింది. ఇక చాలంది.

బల్ల దగ్గర కూర్చున్న నాయనమ్మకు ప్రాణం ఉసూరుమంది. "మనిషికి ఇంతింత పోసి వచ్చాం కదరా, పిల్ల కడుపులో నాలుగు ముద్దలైనా పడకపోతే ఎట్లా?" అని కొడుకును అడిగింది. తనే లేచి వెళ్లి పూరీ, పాన్‌కేక్, ఉప్మా, పుచ్చకాయ ముక్కలు అన్నీ ఒకే పళ్లెంలో పెట్టుకొచ్చింది. పాప మొహం తిప్పేసుకుంది. నిజానికి ఆ పూట పాపకు బిల్లే లేదు. చాలా నక్షత్ర హోటళ్లు అయిదారేళ్లలోపు పిల్లలకు బఫేలో డబ్బులు తీసుకోవు, పన్నెండేళ్ల దాకా సగం ధర వేస్తాయి. వయసు హద్దు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి బల్ల రిజర్వు చేసేటప్పుడే అడిగేయడం మేలు.

పుట్టినరోజుకో పెళ్లిరోజుకో, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలను సరదాగా తిప్పడానికో, పెద్ద హోటల్‌కి భోజనానికే వెళ్లడం ఒకప్పటి అలవాటు. ఇప్పుడు టిఫిన్‌కి వెళ్లే కుటుంబాలు పెరుగుతున్నాయి. చంటిపిల్లలున్న ఇంటికి ఇది మంచి మార్పు. డిన్నర్ వేళకు పిల్లలు అలసిపోయి ఉంటారు, నిద్ర ముంచుకొస్తుంటుంది. ఆర్డర్ ఇచ్చిన అరగంటకు గానీ పళ్లెం రాదు. పొద్దున లెక్క వేరు. కంటినిండా నిద్రపోయి లేచిన పిల్లలు హుషారుగా ఉంటారు, ఆకలి మీద ఉంటారు. బఫేలో ఎదురుచూపులుండవు, కూర్చున్న రెండో నిమిషానికే చేతికో ఇడ్లీ ముక్క అందించొచ్చు.

అయితే ఆ హుషారు ఎంతోసేపు ఉండదు. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. పొద్దున ఆరింటికే లేచిన పిల్లలకు పదీ పదకొండుకల్లా కళ్లు వాలిపోతుంటాయి. సెలవు రోజుల్లో హోటళ్లలో టిఫిన్ రద్దీ కూడా సరిగ్గా తొమ్మిదిన్నర, పది మధ్యే. ఏడున్నరకే చేరుకుంటే కౌంటర్ల దగ్గర వరుస ఉండదు, మూలబల్ల దొరుకుతుంది, సర్వర్లకూ పిల్లలతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఆదివారం ఆ వేళకు తయారవడం కష్టమే గానీ, పిల్లలున్న ఇంట్లో ఆ టైముకి నిద్రపోతున్నది ఎవరు?

అదే మార్గదర్శకాల్లో ఈ సందర్భానికి సరిగ్గా అతికే మాట మరొకటుంది. అయిదేళ్లలోపు పిల్లలను స్ట్రోలర్‌లోనో హై చెయిర్‌లోనో ఒక్క బిగిన గంటకు మించి కట్టి కూర్చోబెట్టకూడదు. అంటే రెండు గంటల తీరుబడి బఫేలో పిల్లలు మధ్యలో కిందికి దిగాల్సిందే, ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని ఓ చుట్టు తిరగాల్సిందే. పెద్దలు వంతులు వేసుకుంటే ఇది సులువు. ఒకరు పొంగలి తింటుంటే ఇంకొకరు పిల్లను తీసుకెళ్లి అక్వేరియమో, ఫౌంటెనో, బ్రెడ్ టోస్టర్‌లో అటు వేసిన ముక్క ఇటు కాలి పడే వింతో చూపించొచ్చు. ఈ పనంతా ఫోన్‌కి అప్పగించేస్తే హోటల్‌కి వచ్చిన సరదా పిల్లల వరకు లేనట్టే. రెండేళ్లు నిండని పిల్లలకు ఫోన్ తెరలు వద్దేవద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ కూడా చెబుతోంది.

కాస్త ఊహ తెలిసిన పిల్లలకు బఫే వరుసే ఒక కథల పుస్తకం. అందులో కనిపించే రవ్వ ఇడ్లీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పుట్టింది. బియ్యానికి కరువొచ్చినప్పుడు, 1924లో మొదలైన బెంగళూరు ఎంటీఆర్ హోటల్ వాళ్లు రవ్వతో ఇడ్లీ పోసి చూశారు. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకునే పద్ధతేమో స్వీడన్ వాళ్ల స్మోర్గాస్‌బోర్డ్ నుంచి వచ్చిందంటారు. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ వాళ్లు దాన్ని పెడితే అమెరికా అంతా చెప్పుకుంది.

ఇక జాగ్రత్తల సంగతి. ఇంట్లో వంటింటి గట్టు పిల్లలకు అందదు. హోటల్లో వేడి గిన్నెలు పిల్లల కళ్ల ఎత్తునే వరుసగా ఉంటాయి. మెరిసే స్టీలు మూతల కింద ఆహారం చల్లారకుండా చిన్న మంటలో, కరెంటు హీటర్లో ఉంటాయి. వండిన పదార్థం 60 డిగ్రీలకు పైనే ఉండాలన్నది ఆహార భద్రత నియమం కాబట్టి ఆ సాంబారు, ఆ గిన్నె అంచు నిజంగానే కాలతాయి. అందుకే కౌంటర్ల దగ్గరికి వెళ్లేటప్పుడు చిన్నపిల్లలను ఎత్తుకునే వెళ్లాలి. ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో నిండు పళ్లేన్ని పట్టుకునే సాహసం వద్దు. అడిగితే సర్వరే పళ్లెం బల్ల దాకా తెచ్చిపెడతాడు.

అంతకంటే పెద్ద ప్రమాదం కాఫీతో. ఏడాది పిల్లవాడు దిగి నిలబడడానికి మొదట పట్టుకునేది వేలాడే టేబుల్ క్లాత్ అంచునే. దాంతోపాటు పొగలు కక్కే కాఫీ కూడా మీదికి వస్తుంది. కూర్చున్న వెంటనే గుడ్డ అంచు లోపలికి మడిచేయడం, కప్పులను బల్ల మధ్యకు జరపడం మొదటి పనిగా పెట్టుకోవాలి. ఒకవేళ ఒలికితే కాలిన చోటును పారే చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఐసు ముక్కలు, టూత్‌పేస్టు, పసుపు ఏవీ పెట్టకూడదు.

తర్వాత గొంతుకు అడ్డం పడే పదార్థాలు. చిన్నపిల్లల గాలిగొట్టం సన్నగా ఉంటుంది. నమిలే దవడపళ్లు కూడా పూర్తిగా రాని వయసు. ద్రాక్షపండు, చెర్రీ టమాటా, చక్రాల్లా కోసిన సాసేజ్ ముక్క సరిగ్గా ఆ గొట్టాన్ని బిరడాలా మూసేసే సైజులో ఉంటాయి. వాటిని నిలువునా నాలుగు చీలికలు చేసి పెట్టాలి. మ్యూస్లీలోని బాదం సంగతి అందరూ గమనిస్తారు గానీ, మన టిఫిన్లలో దాక్కున్న వాటి మీద చూపు పడదు. పొంగల్లో నిండు జీడిపప్పు, మిరియం గింజ, ఉప్మా తాలింపులో గట్టిగా వేగిన శనగపప్పు, పల్లీ, గారెలో పచ్చిమిర్చి ముక్క. నాలుగైదేళ్లు నిండేదాకా గింజలు గింజలుగా పెట్టకూడదని డాక్టర్లు చెబుతారు. కాబట్టి పిల్లలకు పెట్టే ముందు ఉప్మాను ఒకసారి వేళ్లతో చిదిమి చూడడం మంచిది. పిల్లల పళ్లేనికి ఇడ్లీ, మెత్తటి అట్టు, అరటిపండు, పెరుగు చాలు. గుడ్డు పెడితే పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించమని కౌంటర్లో చెప్పాలి.

కొన్ని హోటళ్ల బఫేలో తేనెపట్టును చట్రంతో సహా వేలాడదీస్తారు. బంగారు రంగులో తేనె చుక్కచుక్కగా కిందికి జారుతుంటే పెద్దవాళ్ల కళ్లే తిప్పుకోలేవు. పక్కన చంకలో తొమ్మిది నెలల బాబు ఉంటే ఒక చుక్క నాకిద్దామనిపిస్తుంది. మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారమూ ఉంది. ఏడాది నిండని పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో ఉండగల బోటులిజం బాక్టీరియా బీజాలు పెద్దవాళ్ల పేగుల్లో ఏమీ చేయలేవు. పసిపేగుల్లో మాత్రం మొలకెత్తి, కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేస్తాయి. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు.

పళ్లరసాల వరుస కూడా ఊరిస్తుంది. ఏడాదిలోపు పిల్లలకు పళ్లరసమే వద్దని, మూడేళ్ల దాకా రోజుకు 120 మిల్లీలీటర్లు మించొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో సలహా ఇచ్చింది. హోటల్ గ్లాసు నిండా పోస్తే అంతకంటే ఎక్కువే పడుతుంది. పండు ముక్కే నయం. ఇక "ఒక్క గుక్కేలే" అంటూ తాతయ్య పట్టించే ఫిల్టర్ కాఫీ. టిఫిన్‌తో కాఫీ, టీ తాగితే వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవని, తినే ముందూ తిన్న తర్వాతా గంట ఎడం ఉండాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకే చెప్పింది. ఎదిగే పిల్లలకు ఇనుము ఇంకా ముఖ్యం.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న కుటుంబం కూడా చివరికి తడబడేది నాయనమ్మ అడిగిన ఆ ప్రశ్న దగ్గరే: ఇంత డబ్బు పోసి పిల్ల తినకపోతే ఎట్లా?

పిల్లల తిండి మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికా పరిశోధకురాలు లీయన్ బర్చ్ బృందం 2006లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. బడికి ఇంకా వెళ్లని వయసు పిల్లలకు వారాల తరబడి రెండు రకాల సూపులు ఇచ్చారు. ఒక సూపు ఇచ్చినప్పుడు ఊరుకున్నారు, రెండోది ఇచ్చినప్పుడు "తాగెయ్యి, పూర్తి చెయ్యి" అని పదేపదే అన్నారు. ఊరుకున్నప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. బలవంతపెట్టినప్పుడు తక్కువ తాగడమే కాక, ఆ సూపు బాగాలేదన్న మాటలూ ఎక్కువగా అన్నారు. కొత్త రుచి అలవాటు కావడానికి ఒక్క పూట చాలదు, పది పదిహేను సార్లు నాలుకకు తగలాలన్నది కూడా ఆమె పరిశోధనల్లో తేలిన విషయమే. అలాంటప్పుడు ఒక్క ఆదివారం బఫేలో పాన్‌కేకూ క్రోసాంటూ పిల్లకు నచ్చితీరాలని పట్టుబట్టడం అన్యాయం. పిల్లల పోషణ నిపుణురాలు ఎలిన్ సాటర్ సూత్రం తెలుగు ఇళ్లకూ పనికొస్తుంది: ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల ఇష్టం. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల ఇష్టం. పెద్ద హోటల్లో దీన్ని పాటించడం ఇంకా తేలిక. కొత్త పదార్థం ఒక్క చెంచాడు, దాని పక్కన రోజూ తినే ఇడ్లీ. కొత్తదాన్ని వేలితో నొక్కి చూసి వదిలేసినా సరే, ఆ పూటకు పరిచయం అయినట్టే. పళ్లెంలో చెంచాడే ఉంది కాబట్టి పారేసేదీ చెంచాడే.

మరి డబ్బుల సంగతి? నక్షత్ర హోటల్ టిఫిన్ ఈ రోజుల్లో చాలాచోట్ల మనిషికి వెయ్యి దాటుతుంది. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటిన హోటళ్లలోని రెస్టారెంట్లలో బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, మామూలు రెస్టారెంట్లలో అది 5 శాతమే. సర్వీస్ చార్జీ అని బిల్లులో ముందే కలిపి ఉంటే తీసేయమని అడిగే హక్కు ఉంది. వాళ్లంతట వాళ్లు అలా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అలా మిగిలిన డబ్బులో కొంత హై చెయిర్ కింద మెతుకులు ఊడ్చిన మనిషి చేతిలో నేరుగా పెడితే ఇంకా బాగుంటుంది. పిల్లలున్న బల్లను శుభ్రం చేయడమంటే రెండు బల్లల పని.

నాయనమ్మ తెచ్చిన పళ్లేన్ని ఆ రోజు పాప తండ్రి మెల్లగా తన ముందుకు లాక్కున్నాడు. "వదిలెయ్యమ్మా, దాని కడుపు దానికి తెలుసు" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు గానీ, కాసేపటికి పాపను చంకనేసుకుని మళ్లీ దోసెల కౌంటర్ దగ్గరికి నడిచింది. అప్పటికి తొమ్మిది కావస్తోంది, వరుస పెరిగింది. ఇద్దరూ నిలబడి మరో నాలుగు దోసెలు పడడం చూశారు. ఆ వేడికి మాస్టర్ నుదుటి మీద చెమట పట్టింది. ఆయన పాపను గుర్తుపట్టి గరిటె ఊపాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో, ఏం తిన్నావని ఫోన్లో తాతయ్య అడిగితే పాప గుక్క తిప్పుకోకుండా చెప్పింది: ఏనుగు తొండం తిన్నానని, చెవి కూడా తిన్నానని, ఇంకో చెవి ఏనుగుకే ఉంచేశానని.