జైశంకర్ రీల్స్‌లో రాని ముక్క: మా అమ్రాబాద్ యురేనియం

మీ ఫోన్లో కూడా జైశంకర్ గారి క్లిప్పులు తిరుగుతూనే ఉంటాయి కదా. 2022లో స్లొవేకియాలో ఉక్రెయిన్ గురించి అడిగితే, యూరప్ తన సమస్యే లోకం సమస్య అనుకోవడం మానాలని ఆయన అన్న క్లిప్ నాకే పదిమంది పంపారు. బాగుంటది, కాదనను. కానీ ఆయన చేసిన అసలు పని రీల్‌లో పట్టదు. అది మా అమ్రాబాద్ దాకా వస్తది.

2019లో నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా. మే 22న కేంద్ర అటవీ సలహా కమిటీ మా టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం సర్వేకి సూత్రప్రాయంగా ఓకే చెప్పింది. నాలుగు వేల బోర్లు వేస్తారట! ఊర్లో ఒకటే గొడవ. అవ్వ ఫోన్ చేసి, "బిడ్డా, బయటి దేశపోళ్లు అమ్ముతరంట గద, కొనుక్కోరాదా?" అన్నది. బీటెక్ చదివిన నా దగ్గర జవాబు లేదు.

అదే నెల 30న జైశంకర్ మంత్రి అయ్యారు. తేదీలు కలిశాయంతే, ఆ రెండింటికీ నేరుగా లింక్ లేదు. లింక్ అంతకు ముందుది.

1977లో ఫారిన్ సర్వీసులో చేరిన ఆయన, 2005లో విదేశాంగ శాఖలో అమెరికా వ్యవహారాలు చూసే జాయింట్ సెక్రటరీ. అప్పుడే మన్మోహన్ సింగ్, బుష్ అణు ఒప్పందం ప్రకటించారు. అమెరికా వాళ్లతో కూర్చుని బేరం ఆడిన టీమ్‌లో ఈయన ముఖ్యుడు. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత మనకు ఇంధనం అమ్మడానికి చాలా దేశాలు మొహం చాటేశాయి. ఆ తలుపు తెరవాలంటే మన రియాక్టర్లను రెండు కుప్పలు చేయాలి. నడుస్తున్నవి, కడుతున్నవి కలిపి 22లో 14 అంతర్జాతీయ తనిఖీ కిందికి, మిగతా 8 మన ఇష్టం. తనిఖీ కిందికి ఎన్ని, బయట ఎన్ని, అసలు గుంజులాట అక్కడే. 2008 సెప్టెంబర్‌లో వియన్నాలో అణు సరఫరా దేశాల గ్రూపు మనకు మినహాయింపు ఇచ్చింది. తర్వాత కజకిస్తాన్, కెనడా సరుకు వచ్చింది.

ఇగ అవ్వ ప్రశ్నకు జవాబు. ఆ కొన్న యురేనియం తనిఖీ ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. ఆ ఎనిమిదింటికీ, ఆయుధాలకూ మాత్రం మన నేలలోదే కావాలి. అందుకే కొనుక్కుంటున్నా, తవ్వకాలకు వెతుకులాట ఆగలేదు. దేశానికి అది మంచి బేరమే అని నేను నమ్ముతా. కానీ దాని బిల్లులో కొంత నల్లమల చెంచు పెంటల మీద పడబోయింది, అది కూడా చెప్పాలి కదా.

సేవ్ నల్లమల హ్యాష్‌ట్యాగ్ మీలో చాలామంది పెట్టే ఉంటారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

మొన్న ఊరికి పోయినప్పుడు ఇదంతా అవ్వకు చెప్పిన. "అంటే వాళ్ల పొయ్యికి వాళ్ల కట్టెలు, మన పొయ్యికి మన కట్టెలు, గంతేగా?" అన్నది. గంతే. నాకు మాత్రం పది నిమిషాల వీడియో పట్టింది. హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలో ఈ ఇంధనం ఎట్ల తయారవుతదో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.